తేమ పీల్చే పదార్థాల్లో ఏది ఎక్కడ పనికొస్తుంది: కరెంటు లెక్కతో సహా

తేమ పీల్చే పదార్థం కొనేటప్పుడు చాలామంది చూసేది ఒకటే అంకె: అది తన బరువుకు ఎన్ని రెట్లు నీళ్ళు పీలుస్తుందని. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేదీ అదే. నా దృష్టిలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. గదిలో తేమ ఎంత శాతం ఉన్నప్పుడు అది పీలుస్తుంది? పీల్చిన నీళ్ళను ఎంత వేడి చేస్తే వదులుతుంది? మొదటిది సరిపోకపోతే ఆ పదార్థం గదిలో ఉన్నా లేనట్టే. రెండోది సరిపోకపోతే గది పొడిబారుతుంది గానీ కరెంటు బిల్లు మోయలేం.

గాల్లోని ఆవిరిని పట్టుకోవడం అసలు కష్టమైన పనే కాదు. చవకగా దొరికే చాలా పదార్థాలు ఆ పని చేస్తాయి. కష్టమంతా తర్వాత ఉంది. పదార్థం నిండాక దాన్ని పారేయాలి, లేదా వేడి చేసి నీటిని బయటికి పంపాలి. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి గుప్తోష్ణం కిందే, అంటే నీరు ఆవిరిగా మారేటప్పుడు లోపల దాచుకునే వేడి కిందే, సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. ఇది ప్రకృతి పెట్టిన లెక్క, ఏ కంపెనీ దీన్ని తగ్గించలేదు. ఆ వేడి ఎండ నుంచి వస్తోందా, ఏసీ బయటికి వదిలే వేడి నుంచి వస్తోందా, కరెంటు హీటర్ నుంచి వస్తోందా అన్నదాన్ని బట్టే ఒక పద్ధతి పొదుపైనదో కాదో తేలుతుంది.

ఇంకో విషయం కూడా మొదట్లోనే చెప్పాలి. ఆవిరి ఏ పదార్థం మీదైనా నీరుగా పట్టుకున్నప్పుడు అదే గుప్తోష్ణం తిరిగి గదిలోకి వస్తుంది. అంటే తేమ పీల్చే పదార్థం గదిని చల్లబరచదు, కాస్త వేడెక్కిస్తుంది. ఉక్కపోత తగ్గుతుంది కాబట్టి ఒంటికి హాయిగా ఉండొచ్చు, కానీ థర్మామీటరు పైకే పోతుంది. వేడి వాతావరణంలో దీన్ని ఏసీకి బదులుగా అమ్మజూపేవాళ్ళ మాట నమ్మొద్దు.

ముందు నీళ్ళు ఎన్నో లెక్క కట్టండి

నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గది తీసుకుందాం. అందులో 48 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 27 గ్రాముల ఆవిరిని మోయగలదు. తేమ 80 శాతం ఉంటే అందులో దాదాపు 22 గ్రాములు ఉన్నట్టు, 55 శాతం ఉంటే 15 గ్రాములు. ఈ ఏడు గ్రాముల తేడాని 48తో గుణిస్తే సుమారు 330 గ్రాములు. చూడ్డానికి గ్లాసున్నర నీళ్ళే, కొన్ని ప్యాకెట్లతో పనైపోతుందనిపిస్తుంది.

కానీ గది సీలు చేసిన డబ్బా కాదు. తలుపుల సందుల్లోంచి, కిటికీల్లోంచి బయటి గాలి వస్తూనే ఉంటుంది. తలుపులన్నీ మూసి ఉన్నా గంటకు గదిలో సగం గాలి మారుతుందనుకుంటే, బయట 80 శాతం తేమ ఉన్న రోజున గంటకు 160 గ్రాముల పైచిలుకు నీరు అదనంగా లోపలికి వస్తుంది. రోజంతా కలిపితే నాలుగు లీటర్ల దాకా. దీనికి మనుషులు తోడు. ఏ పనీ చేయకుండా కూర్చున్నా, పడుకున్నా ఒక్కొక్కరి శ్వాస, చెమటల ద్వారా గంటకు 40-50 గ్రాముల నీరు గాల్లో కలుస్తుంది. లోపల బట్టలు ఆరేస్తే ఆ నీళ్ళన్నీ గదిలోకే.

ఈ లెక్క ఒక్కటి మనసులో ఉంటే సగం ఎంపిక అయిపోయినట్టే. రోజుకు నాలుగు లీటర్ల సమస్యకి అరకిలో ప్యాకెట్ జవాబు కాదు. ముందు సందులు మూయాలి, వంటగదిలో, స్నానాల గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాలి, పైపు లీకైతే బాగు చేయాలి. గంటకు సగం మారే గాలిని పావుకి తగ్గిస్తే లోపలికి వచ్చే నీళ్ళూ సగమవుతాయి. ఇంత చవకగా తేమ తగ్గించే పదార్థం ఏదీ లేదు.

కిటికీలు తెరిస్తే తేమ తగ్గుతుందా పెరుగుతుందా అన్నది శాతం చూసి చెప్పలేం. బయట 20 డిగ్రీల దగ్గర 80 శాతం, లోపల 28 డిగ్రీల దగ్గర 60 శాతం ఉందనుకోండి. బయటి గాలే తడిగా కనిపిస్తుంది. నిజానికి బయట ఘనపు మీటరుకు 14 గ్రాములకన్నా తక్కువ నీరుంటే, లోపల 16 గ్రాములు దాటి ఉంది. కిటికీ తెరిస్తే గది ఆరుతుంది, ఖర్చు లేదు. అందుకే వాతావరణ సమాచారంలో తేమ శాతం కన్నా డ్యూ పాయింట్, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత, చూడమంటాను. బయటి డ్యూ పాయింట్ లోపలిదానికంటే తక్కువగా ఉన్న గంటల్లో ఏ పదార్థమూ అక్కర్లేదు.

లక్ష్యం ఎంత పెట్టుకోవాలి? అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇళ్ళలో తేమ 60 శాతం లోపు, వీలైతే 30-50 మధ్య ఉంచమని చెబుతుంది. వేడిగా, తేమగా ఉండే చోట 50-55 దగ్గర ఆపడమే మేలని నా అభిప్రాయం. అక్కడినుంచి కిందికి దించే ప్రతి శాతానికీ కరెంటు పెరుగుతుంది, బూజు విషయంలో దక్కే అదనపు లాభం తక్కువ.

గిన్నెలో ఉప్పు, బియ్యం, బొగ్గు

వీటి గురించి చాలా సలహాలు తిరుగుతుంటాయి, త్వరగా తేల్చేద్దాం. మామూలు ఉప్పు గాల్లో తేమ 75 శాతం దాటితేనే నీరు పట్టుకుని కరగడం మొదలుపెడుతుంది. అంతకంటే తక్కువ తేమలో అది గిన్నెలో ఊరికే కూర్చుంటుంది. గదిని 55 శాతానికి తేవడం దానివల్ల కాదు. బియ్యం, వంటసోడా మరీ బలహీనం. యాక్టివేటెడ్ బొగ్గు వాసనలకు మంచిదే కానీ తక్కువ తేమలో నీటిని దాదాపు పట్టుకోదు, తేమ సగం దాటాకే దానిలో కదలిక వస్తుంది. సున్నపురాయిని కాల్చి తీసే పొడి సున్నం నీటిని గట్టిగానే పట్టుకుంటుంది గానీ అది రసాయన చర్య. తిరిగి వాడుకోలేం, తడి తగిలితే భగ్గున వేడెక్కుతుంది, కళ్ళకూ చర్మానికీ ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో దాని ఊసే వద్దు.

ఉప్పుకి ఒక్క మంచి ఉపయోగం మాత్రం ఉంది. చిన్న మూతలో ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీటితో తడిపి, మీ హ్యుమిడిటీ మీటరుతో కలిపి గాలి చొరని సంచిలో ఎనిమిది గంటలు ఉంచండి. ఉప్పు ముద్దగా ఉండాలి, పూర్తిగా కరిగిపోకూడదు. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 70 చూపిస్తే అది అయిదు తక్కువ చెబుతున్నట్టు. చవక మీటర్లలో ఆ మాత్రం తేడా మామూలే కాబట్టి, ఏదైనా కొనే ముందు ఈ పరీక్ష చేసుకుంటే డబ్బు వృథా కాదు.

కాల్షియం క్లోరైడ్ డబ్బాలు

పైన తెల్లటి గింజలు, కింద నీళ్ళు చేరే అర, ఇలా ఉండే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది కాల్షియం క్లోరైడే. ఇది తేమ 30 శాతం దాటితే చాలు, నీరు పట్టుకుని ద్రావణంగా మారిపోతుంది. ద్రావణమయ్యాక కూడా పీలుస్తూనే ఉంటుంది. 80 శాతం తేమలో నీరు లేని కాల్షియం క్లోరైడ్ తన బరువుకు నాలుగు రెట్ల దాకా, 60 శాతంలో సుమారు రెండు రెట్లు నీరు పట్టుకోగలదు. బజారులో దొరికే రేకుల్లో ముందే కొంత నీరు ఉంటుంది కాబట్టి ఆ మేరకు తగ్గించుకోవాలి. కరెంటు అక్కర్లేదు, చప్పుడు లేదు.

బరువుకు పీల్చే శక్తి ఒక్కటే చూస్తే దీనికి పోటీ లేదు. అయినా గదికి దీన్ని నేను సిఫార్సు చేయను. రోజుకు నాలుగు లీటర్లు లాగాలంటే రోజూ కిలో, రెండు కిలోల రసాయనం కరిగించి పారబోయాలి. ఆ ద్రావణాన్ని మరిగించి తిరిగి గింజలు చేయడం ఇంట్లో అయ్యే పని కాదు. పైగా ఈ ఉప్పునీరు ఇనుము, స్టీలు, అల్యూమినియంలను తింటుంది. తోలు మీద పడితే ముడుచుకుపోతుంది. నేల మీద ఒలికితే ఎంత తుడిచినా ఆ చోటు తడిగానే ఉంటుంది, ఎందుకంటే మిగిలిన ఉప్పు మళ్ళీ గాల్లోంచి నీరు లాగుతుంది.

మరి ఎక్కడ పనికొస్తుందంటే, ప్లగ్ పాయింట్ లేని చోట. మెట్ల కింది గూడు, వాడకుండా నెలల తరబడి మూసి ఉంచే చిన్న స్టోర్ రూమ్, ఆపి ఉంచిన వ్యాన్. అక్కడైనా డబ్బాను పళ్ళెంలో పెట్టి నేల మీదే ఉంచాలి, బట్టల పైన వేలాడదీయకూడదు. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకూడదు. ఎలక్ట్రానిక్స్ ఉన్న అరలో అసలు వద్దు.

సిలికా జెల్: పెట్టెకు రాజు, గదికి కాదు

సిలికా జెల్ అంటే సన్నని రంధ్రాలతో నిండిన ఇసుక జాతి గాజు. ఒక గ్రాము గింజల లోపలి ఉపరితలమంతా పరిస్తే వందల చదరపు మీటర్లు వస్తుంది. నీరు ఆ గోడలకు అంటుకుంటుంది. గింజలు కరగవు, కారవు, ఏ లోహాన్నీ పాడు చేయవు. ఈ ఒక్క గుణం వల్లే కెమెరాలు, పత్రాలు, మందులు, పనిముట్లకు ఇది సరైన ఎంపిక.

సన్న రంధ్రాల రకం 50 శాతం తేమలో తన బరువులో దాదాపు పావు వంతు, 90 శాతంలో మూడో వంతు నీరు పడుతుంది. 20 శాతం తేమలో పదో వంతు. తేమ పెరిగేకొద్దీ పీల్చేదీ క్రమంగా పెరుగుతుంది కాబట్టి, మనుషులుండే గదుల్లో కనిపించే తేమ పరిధి అంతటా ఇది పనిచేస్తుంది. వెడల్పు రంధ్రాల రకం ఇంకోటి ఉంది. అది తేమ బాగా పెరిగాకే ఎక్కువ పీలుస్తుంది. పెట్టెలకు సన్న రంధ్రాల రకమే అడగండి.

ఇరవై లీటర్ల కెమెరా పెట్టె గాల్లో ఎంత తడిగా ఉన్నా ఉండేది అర గ్రాము ఆవిరి. మూత గట్టిగా పడితే 50 గ్రాముల జెల్ చాలా రోజులు వస్తుంది. బట్టల అల్మారా సంగతి వేరు. గాల్లో ఉన్న నీరు కొద్ది గ్రాములే అయినా, 80 శాతం తేమలో ఉన్న నూలు బట్టలు 55 శాతంలో ఉన్నవాటికంటే తమ బరువులో సుమారు మూడు శాతం ఎక్కువ నీరు దాచుకుంటాయి. ఇరవై కిలోల బట్టలంటే 600 గ్రాములు. అల్మారాలో పెట్టిన ప్యాకెట్లు రెండు రోజుల్లో నిండిపోవడానికి కారణం ఇదే. జెల్ నాసిరకమైందని తిట్టుకునే ముందు, బట్టల్ని పొడిగా ఉన్న రోజున బాగా ఆరబెట్టి సర్దండి. ఆ తర్వాత అదే జెల్ వారాల తరబడి నిలుస్తుంది.

ఇప్పుడు ఎండబెట్టే విషయం. చాలామంది ఎండలో పెడితే చాలనుకుంటారు. బయట 28 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున గింజలు, వాటి చుట్టూ గాలి ఎండకు 50 డిగ్రీలకు చేరాయనుకుందాం. ఆ గాల్లో తేమ దాదాపు 25 శాతం అవుతుంది. ఆ తేమ దగ్గర జెల్ ఇంకా తన బరువులో పదిశాతం పైగా నీటిని వదలకుండా పట్టుకునే ఉంటుంది. అంటే సగమే ఆరింది. అదే గాజు మూత ఉన్న నల్ల ట్రేలో, ఆవిరి బయటికి పోయే దారి ఉంచి 70 డిగ్రీలకు తీసుకెళ్తే తేమ దాదాపు 10 శాతానికి పడిపోతుంది, చాలావరకు ఆరుతుంది. ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే దాదాపు పూర్తిగా ఆరుతుంది. కానీ ఒక్క కిలో జెల్ కోసం ఓవెన్ రెండు గంటలు నడిపితే యూనిట్ పైనే ఖర్చవుతుంది, వెళ్ళే నీళ్ళు పావు లీటరు. లీటరు లెక్కన చూస్తే నాలుగు యూనిట్లు దాటుతుంది. మన గదికి రోజుకు నాలుగు లీటర్లు కావాలంటే పదహారు కిలోల జెల్, అంత కరెంటు. అందుకే గదికి గిన్నెల్లో జెల్ పోసి పెట్టే ఆలోచన మానుకోండి.

రంగు మారే గింజలు కొంటే నీలం రంగువి వద్దు. వాటిలో ఉండే కోబాల్ట్ క్లోరైడ్‌ను యూరోపియన్ యూనియన్ 2008లోనే క్యాన్సర్ ముప్పు కారణంగా తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. నారింజ రంగు గింజలు అదే పని చేస్తాయి.

చెక్క వాద్యాలు, పాత పుస్తకాలు, బొమ్మలు దాచేవాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పూర్తిగా ఎండిన జెల్ వాటిని అవసరానికి మించి ఆరబెట్టి పగుళ్ళు తెప్పించగలదు. మ్యూజియంల వాళ్ళు జెల్‌ను ముందే 50 శాతం తేమకు అలవాటు చేసి పెట్టెలో ఉంచుతారు. తేమ పెరిగితే పీలుస్తుంది, తగ్గితే వదులుతుంది. ఇంట్లో కూడా ఇది చేయొచ్చు. 50 శాతం తేమ ఉన్న గదిలో జెల్‌ను పలచగా పరిచి, బరువు ఇక మారడం లేదనిపించేదాకా ఉంచి పెట్టెలో వేయడమే.

జియోలైట్ గురించి కొద్దిగా. ఇది అతి సన్నని రంధ్రాలున్న ఖనిజం, మాలిక్యులర్ సీవ్ పేరుతో అమ్మేది ఇదే. బాగా తక్కువ తేమలోనే బరువులో అయిదో వంతు నీరు పీల్చి నిండిపోతుంది. ఆరబెట్టడానికి 200 డిగ్రీలు దాటాలి. రెండు పొరల కిటికీ అద్దాల మధ్య, గ్యాస్ లైన్లలో అద్భుతం. 50 శాతం తేమ కోరుకునే గదికి ఆ బలం అనవసరం. యాక్టివేటెడ్ అల్యూమినా పరిశ్రమల సరుకు. బంకమట్టి ప్యాకెట్లు సిలికా జెల్‌కి చవక ప్రత్యామ్నాయం, వేడి 50 డిగ్రీలు దాటని పార్సిళ్ళలో బాగానే పనిచేస్తాయి.

గోడలకు ఆ పని అప్పగిస్తే

ఇల్లు కట్టేవాళ్ళు, మరమ్మతు చేయించేవాళ్ళు ఈ భాగం తీరిగ్గా చదవాలి. మట్టి ప్లాస్టర్, సున్నం, పూత లేని చెక్క, జనపనార జాతి పీచు కలిపిన సున్నపు దిమ్మలు తేమ పెరిగినప్పుడు పీల్చుకుని, తగ్గినప్పుడు వదిలేస్తాయి. ఎండబెట్టే పని లేదు, కరెంటు లేదు. ఈ గుణాన్ని కొలవడానికి నార్డిక్ దేశాలు నార్డ్‌టెస్ట్ అనే పద్ధతి పెట్టాయి. నమూనాని ఎనిమిది గంటలు 75 శాతం తేమలో, పదహారు గంటలు 33 శాతంలో ఉంచి బరువు తేడా చూస్తారు. చదరపు మీటరుకు, ఒక్కో శాతం తేమ మార్పుకు ఎన్ని గ్రాములు మారిందన్నది విలువ. 0.2 లోపు ఉంటే లెక్కలోకి రాదు, 1 దాటితే మంచిది, 2 దాటితే అత్యుత్తమం.

మన గదిలో 40 చదరపు మీటర్ల గోడకు 1.5 విలువ ఉన్న మట్టి ప్లాస్టర్ వేశామనుకోండి. తేమ పది శాతం పెరిగేలోపు గోడలు 600 గ్రాములు తాగేస్తాయి. అదే పది శాతం పెరగడానికి గాల్లో చేరాల్సింది 130 గ్రాములే. అంటే ఆ గోడలు గాలికంటే నాలుగున్నర రెట్లు ఎక్కువ మోస్తున్నాయి. ఇద్దరు ఎనిమిది గంటలు పడుకుంటే వచ్చే 700 గ్రాముల్లో ఎక్కువ భాగం గోడల్లోకి పోయి, పగలు కిటికీలు తెరిచినప్పుడు బయటికి పోతుంది. స్నానం తర్వాత, వంట తర్వాత వచ్చే ఉక్క కూడా ఇలాగే అణుగుతుంది.

దీనికి రెండు షరతులున్నాయి. ప్లాస్టిక్ ఎమల్షన్, ఆయిల్ పెయింట్, వినైల్ వాల్‌పేపర్ వేస్తే గోడ నోరు మూసినట్టే, లోపల ఎంత మంచి ప్లాస్టర్ ఉన్నా ఫలితం ఉండదు. సున్నపు పూతో, ఆవిరిని పోనిచ్చే పెయింటో వేయాలి. రెండోది, ఇది ఎగుడుదిగుడుల్ని సర్దుతుందే తప్ప సగటును దించదు. రోజులో ఏదో ఒక పూట గాలి పొడిగా ఉంటేనే గోడలకు ఆరే అవకాశం. నెలల తరబడి పగలూ రాత్రీ 85 శాతం తేమ ఉండే చోట గోడలు ఒకసారి నిండాయంటే అంతే. అక్కడ యంత్రం తప్పదు, అయితే గోడలున్నందుకు ఆ యంత్రం చిన్నది సరిపోతుంది, తరచూ ఆగి మొదలయ్యే బాధ తగ్గుతుంది.

యంత్రాల్లో: కంప్రెసరా, తిరిగే చక్రమా

ఇంట్లో పెట్టుకునే డీహ్యూమిడిఫైయర్లు రెండు రకాలు. కంప్రెసర్ రకం గాలిని చల్లటి కాయిల్ మీదుగా పంపి నీటిని రాలుస్తుంది. డెసికెంట్ (తేమ పీల్చే పదార్థం) రకంలో జియోలైట్ గానీ సిలికా జెల్ గానీ పూసిన చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. ఒకవైపు గది గాలిలోని నీరు పీల్చుకుంటుంది, మరోవైపు చిన్న హీటర్ దాన్ని ఆరబెడుతుంది.

గది వెచ్చగా ఉంటే కంప్రెసర్ రకమే పొదుపు, ఇందులో నాకు సందేహం లేదు. మంచి యంత్రం లీటరుకు అర యూనిట్ నుంచి ముప్పావు యూనిట్ లోపు తీసుకుంటుంది. మొదట చెప్పిన 0.68 కంటే తక్కువ ఎలా సాధ్యమంటే, అది కొత్తగా వేడి పుట్టించడం లేదు, ఉన్న వేడిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోస్తోంది. హీటర్‌తో ఆరబెట్టే చక్రానికి ఆ సౌలభ్యం లేదు. గుప్తోష్ణంతో పాటు చక్రాన్ని వేడి చేయడానికి అయ్యేదీ కలిపి లీటరుకు ఒక యూనిట్ దాటుతుంది. గది 15 డిగ్రీల లోపు ఉంటే మాత్రం పరిస్థితి తిరగబడుతుంది. కంప్రెసర్ కాయిల్ మీద మంచు పేరుకుని దాని పని మందగిస్తుంది, చక్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. పైగా చల్లటి గదిలో అది వదిలే వేడి వృథా కాదు. కాబట్టి చలిగా ఉండే గ్యారేజీ, నేలమాళిగలకు చక్రం. వెచ్చటి గదులకు కంప్రెసర్. కంప్రెసర్ లేకుండా చిన్న కరెంటు పలకతో చల్లబరిచే, అరచేతిలో ఇమిడే పెల్టియర్ యంత్రాలు రోజుకు పావు లీటరు తీస్తే గొప్ప, వాటిని గదికి కొనొద్దు.

పెద్ద భవనాల్లో చక్రానికి అసలైన విలువ వస్తుంది. ఏసీ తేమ తీయాలంటే కాయిల్‌ను డ్యూ పాయింట్ కన్నా కిందికి చల్లబరచాలి. 25 డిగ్రీలు, 50 శాతం కావాలంటే డ్యూ పాయింట్ 14 డిగ్రీలు, కాయిల్ అంతకంటే చల్లగా ఉండాలి. గాలి మరీ చల్లబడితే కొన్ని చోట్ల మళ్ళీ వేడి చేసి వదులుతారు, రెండు వైపులా ఖర్చు. తేమ పని చక్రానికి అప్పగిస్తే కాయిల్ 16-18 డిగ్రీల దగ్గర నడిచినా చాలు. ఆవిరయ్యే వైపు ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగితే కంప్రెసర్ ఖర్చు రెండు మూడు శాతం తగ్గుతుంది. కానీ చక్రాన్ని ఆరబెట్టే వేడి ఉచితంగా దొరికితేనే ఇదంతా లాభం. సోలార్ వాటర్ హీటర్ నుంచి 60-70 డిగ్రీల నీళ్ళు, జనరేటర్ వేడి, ఏసీ కండెన్సర్ వేడి లాంటివి ఉండాలి. ఆ వేడికీ కరెంటే వాడే డిజైన్‌ను పొదుపైనదని చూపిస్తే లెక్కలు అడగండి. చక్రానికి బదులు ఏసీ కాయిల్ మీదే జెల్ పూసే పద్ధతి ఒకటుంది. పీల్చేటప్పుడు చల్లగా, ఆరేటప్పుడు వెచ్చగా ఉండే ఏర్పాటు కాబట్టి 50 డిగ్రీల చుట్టుపక్కల వేడితోనే నడుస్తుంది. నాకు బాగా ఆశ కలిగించే దారి ఇది.

లిథియం క్లోరైడ్ లాంటి ద్రావణాలు చల్లే యంత్రాలు కూడా సోలార్ వేడితో నడుస్తాయి, గాలిని బాగా లోతుగా ఆరబెడతాయి. అయితే ఉప్పు తుంపర్లు గాలితో కొట్టుకొస్తే డక్టులు తుప్పు పడతాయి. నిర్వహణకు మనుషులున్న ఆసుపత్రులు, ఫ్యాక్టరీలకే తగినవి.

ఏసీ వాడే ఏ ఇంటికైనా, ఆఫీసుకైనా నేను ముందు చెప్పేది ఎంథాల్పీ చక్రం లేదా పొర ఉన్న ఎనర్జీ రికవరీ వెంటిలేటర్. బయటికి పోయే పొడిగాలి, లోపలికి వచ్చే తడిగాలి పక్కపక్కన సాగుతూ తేమను మార్చుకుంటాయి. రావలసిన అదనపు తేమలో సగానికి పైగా గడప దాటకుండానే తిరిగి బయటికి పోతుంది. హీటర్ లేదు, ఫ్యాన్ ఖర్చు మాత్రమే. ఇది తనంతట తాను గదిని ఆరబెట్టదు, లోపల అప్పటికే పొడిగా ఉంటేనే పనిచేస్తుంది.

ఎంఓఎఫ్‌ల కోసం ఆగాలా?

లోహపు అణువులను కర్బన పదార్థాలతో కలిపి అల్లిన, రంధ్రాలతో నిండిన పదార్థాలు మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే ఎంఓఎఫ్‌లు. వీటి మీద పనికి సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీలకు 2025 రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటినుంచి తేమ గురించి మాట్లాడేవాళ్ళంతా వీటి పేరెత్తుతున్నారు, అందులో న్యాయముంది. సిలికా జెల్ క్రమంగా పీలిస్తే, ఇవి ఒక నిర్దిష్ట తేమ శాతం దగ్గర ఒక్కసారిగా నిండుతాయి. అల్యూమినియం ఫ్యూమరేట్‌కి ఆ గీత 20-30 శాతం మధ్య, క్రోమియం ఉన్న మిల్-101కి 40-50 మధ్య. తేమను గీతకు కాస్త అటూ ఇటూ జరిపితే చాలు, నీరంతా వచ్చి పోతుంది. చాలా రకాలు 60-80 డిగ్రీలకే ఆరిపోతాయి. మనకు కావలసిన తేమ దగ్గర గీత ఉన్న పదార్థాన్ని ఎంచుకోగలగడం ఇంతవరకు లేని సౌకర్యం.

ఇంట్లో వాడేందుకు మాత్రం ఇప్పుడే ఆగి ఎదురుచూడనక్కర్లేదు. కిలోల లెక్కన చవకగా తయారవ్వాలి, వేల సార్లు తడిసి ఆరినా బలం తగ్గకూడదు, పూతగా కాయిల్‌కి అంటుకుని ఉండాలి. క్రోమియం లాంటి లోహాలున్న రకాలు మనుషులుండే గదిలో ఎంతవరకు తగునన్న ప్రశ్న కూడా ఉంది. అల్యూమినియం, ఇనుము ఆధారిత రకాలు ముందుగా వస్తాయని నా అంచనా. కొత్త భవనానికి డిజైన్ చేస్తున్నవాళ్ళు చక్రం తర్వాత మార్చుకునేలా జాగా ఉంచితే మంచిది.

కొనే ముందు అడగాల్సినవి

అద్దె గది, వెచ్చటి వాతావరణం, గోడల జోలికి పోలేని పరిస్థితి అయితే కంప్రెసర్ డీహ్యూమిడిఫైయర్, తలుపు సందులకు రబ్బరు పట్టీ. సొంత ఇల్లు, రోజులో కొన్ని గంటలైనా గాలి పొడిబారే చోటు అయితే పడకగదికి మట్టి లేదా సున్నపు ప్లాస్టర్. పెట్టెలకు నారింజ గింజల సిలికా జెల్. కరెంటు లేని మూలకు కాల్షియం క్లోరైడ్.

యంత్రం కొంటే డబ్బా మీద రోజుకు ఇన్ని లీటర్లు అని రాసింది ఏ ఉష్ణోగ్రత, ఏ తేమ దగ్గర కొలిచారో అడగండి. చాలాసార్లు అది 30 డిగ్రీలు, 80 శాతం దగ్గర కొలిచిన అంకె. మీరు గదిని 55 దగ్గర ఉంచాలనుకుంటే అక్కడ అది తీసే నీళ్ళు అందులో దాదాపు సగమే ఉంటాయి. 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర కొలిచిన అంకె, అదే పరిస్థితిలో లీటరుకు అయ్యే యూనిట్లు ఇవ్వమనండి. పై లెక్కలో మీ గదికి రోజుకు ఎన్ని లీటర్లు తేలిందో దాంతో ఆ అంకెను పోల్చండి. డబ్బా మీది పెద్ద అంకెతో కాదు.